ఊడిన వెంట్రుక మూడు నెలల కిందటి మాట చెబుతుంది

(నల్లగొండలో డిగ్రీ చదివే ఆడపిల్లలకు, వాళ్ల తల్లులకు ఒక చర్మవైద్యురాలు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. బిడ్డలూ, మీ వెంట వచ్చిన అమ్మలూ, పెద్దమ్మలూ, అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఊపండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

జుట్టు ఊడుతోందని టెన్షన్ పడుతున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సిగ్గుపడకండి. అమ్మలు కూడా ఎత్తండి. చూడండి, ఎత్తని చేతులే తక్కువ. మా ఓపీలోనూ అంతే. మొటిమల కోసం వచ్చినవాళ్లు, తామర కోసం వచ్చినవాళ్లు, మందు చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగుతారు. "మేడం, ఇంకొకటి. ఎంటికలు బాగ ఊడుతున్నయి" అంటారు. అప్పుడు నేను ఏ నూనె రాస్తున్నావని అడగను. ఏ షాంపూ అని అడగను. మూడు నెలల కింద నీకేమైందమ్మా అని అడుగుతాను. ఈ రోజు నేను చెప్పేదాంట్లో ఇంకేం మరిచిపోయినా ఈ ఒక్క ప్రశ్న మరిచిపోవద్దు. మూడు నెలల కింద ఏమైంది? మూడు నెలలే ఎందుకు? ఆ లెక్క తెలియాలంటే వెంట్రుక ఎట్లా పుడుతుందో తెలియాలి.

మన కంటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. కత్తిరిస్తే నొప్పి పుడుతుందా? పుట్టదు. అది కెరాటిన్ అనే ప్రోటీన్. గోళ్లలో ఉన్నదీ అదే. ప్రాణమంతా చర్మం కింద ఉంది. తల చర్మం లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఒక్కో వెంట్రుకకు ఒక్కో కుదురు ఉంటుంది. ఆ కుదురు అడుగుకు సన్నటి రక్తనాళాలు వస్తాయి. అక్కడి కణాలు రాత్రీ పగలూ లేకుండా రెట్టింపవుతూనే ఉంటాయి. మన ఒంట్లో అంత వేగంగా పెరిగే కణాలు బహు కొద్ది చోట్లే ఉన్నాయి. కొత్త కణాలు పుట్టి పాతవాటిని పైకి నెడతాయి. పైకొచ్చేకొద్దీ అవి కెరాటిన్‌తో నిండి, గట్టిపడి, చచ్చిపోతాయి. రంగు పడేది కూడా అక్కడే, మెలనిన్ తయారుచేసే కణాలు ఆ కుదురులోనే ఉంటాయి. పక్కనే ఒక నూనె గ్రంథి, ఒక చిన్న కండరం. చలికి చేతి మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి కదా, అది ఆ కండరం చేసే పనే.

ఈ కుదుళ్లు ఎప్పుడు తయారవుతాయో చెప్పండి. పుట్టాకనా? కాదు. తల్లి కడుపులో ఉండగానే అన్నీ తయారైపోతాయి. తల మీద సుమారు లక్ష. పుట్టిన తర్వాత వాటికి కొత్తవి తోడవ్వవు. కాబట్టి కొత్త కుదుళ్లు మొలిపిస్తామని ఏ సీసా మీద రాసి ఉన్నా, ఏ వీడియోలో చెప్పినా నమ్మకండి. మన చేతిలో ఉన్నది ఉన్న కుదుళ్లను కాపాడుకోవడమే.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ముందు వరుసలో పొడుగు జడ బిడ్డా, ఒకసారి జడ ముందుకు వేసుకో. నడుము దాటింది. ఆ జడ కొస ఎన్నేళ్లదో తెలుసా? ఆరేడేళ్లది. అంటే నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కుదురులోంచి బయటికొచ్చిన వెంట్రుక అది. ఆరేడేళ్ల ఎండ, ఉప్పు నీళ్లు, దువ్వెన, రబ్బర్ బ్యాండ్, అన్నీ పడింది. కొస చిట్లితే ఆశ్చర్యమేముంది? చిట్లిన కొసను అతికించే మందు లేదు. అర అంగుళం కత్తిరించుకోవడమే దానికి మందు.

ఇప్పుడు మూడు నెలల లెక్కకు వస్తాను. కుదురు ఎల్లకాలం పనిచేయదు. రెండు నుంచి ఏడేళ్లు వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుంటుంది. ఆ తర్వాత సుమారు మూడు నెలలు విశ్రాంతి. ఆ విశ్రాంతి అయ్యేసరికి కింద కొత్త వెంట్రుక మొదలవుతుంది, పాతది రాలిపోతుంది. కనుబొమ్మల కుదుళ్లకు పెరిగే కాలం కొన్ని నెలలే, అందుకే కనుబొమ్మ జడంత పెరగదు.

మీ ఇళ్లలో పత్తి ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చేలో కాయలన్నీ ఒకేరోజు పగలవు. మొదటి ఏరుడు, రెండో ఏరుడు, మూడో ఏరుడు అని ఏరుతాం. తల మీద కూడా ప్రతి కుదురుకూ దాని గడువు దానిదే. నూటికి 85 నుంచి 90 పెరుగుతూ ఉంటాయి, మిగిలినవి విశ్రాంతిలో ఉంటాయి. లక్షలో పదో వంతు విశ్రాంతిలో ఉందనుకోండి, పదివేలు. ఆ పదివేలూ దాదాపు వంద రోజుల్లో రాలాలి. రోజుకు ఎన్ని? వంద. కాబట్టి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం జబ్బు కాదమ్మా. తలస్నానం రోజు ఇంకాస్త ఎక్కువే కనిపిస్తాయి.

మరి జబ్బు ఎప్పుడు? ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు. డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా, కోవిడ్, పెద్ద ఆపరేషన్, కాన్పు, తిండి మానేసి నెలలో ఎనిమిది కిలోలు తగ్గడం, ఇంట్లో ఎవరైనా పోయిన దుఃఖం. అలాంటప్పుడు ఒళ్లు ముందు గుండెను, మెదడును కాపాడుకుంటుంది. జుట్టు పెంచడం అప్పటికి అత్యవసరం కాదు. ఇంకా ఏళ్లు పెరగాల్సిన కుదుళ్లు కూడా గుంపులుగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. ఆ రోజు ఒక్కటీ ఊడదు. రెండు మూడు నెలలు గడిచాక, జ్వరం సంగతే మరిచిపోయాక, కుచ్చులు కుచ్చులుగా చేతికొస్తుంది. అప్పుడు మనం దేన్ని తిడతాం? మొన్న మార్చిన షాంపూను.

పోయిన ఏడు మర్రిగూడ దిక్కు నుంచి ఒకావిడ వచ్చింది. ఊడిన జుట్టంతా పాలిథిన్ కవర్లో దాచిపెట్టి తెచ్చింది. చాలామంది తెస్తారు, నమ్మరేమోనని. టేబుల్ మీద పెట్టి, "కొత్త బోరు ఏసినంక మొదలైంది మేడం, ఈ నీళ్లే తింటున్నయి ఎంటికలను" అంది. నేను ఆ కవర్లోంచి ఒక వెంట్రుక తీసి తెల్ల కాగితం మీద పెట్టాను. ఇది మీరూ ఇంట్లో చేయండి. రాలిన వెంట్రుక రెండు కొసలూ చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి ముడి ఉంటే అది కుదురు నుంచి, విశ్రాంతి ముగిసి రాలింది. రెండు వైపులా ముడి లేకపోతే అది మధ్యలో తెగింది. ఈ రెండూ వేరు వేరు సమస్యలు. ఆమె కవర్లో ఉన్నవాటిలో ఏది తీసినా తెల్ల ముడి ఉంది. వానాకాలంలో ఏమైనా జ్వరం వచ్చిందా అక్కా అంటే, డెంగీ వచ్చి దవాఖానలో ఉన్నానంది. లెక్క పెడితే సరిగ్గా మూడు నెలలు.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నల్లగొండలో నీళ్ల గురించి మాట్లాడితే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్‌తో వంగిన వెన్నెముకలు మనం చూసినవే. కానీ ఫ్లోరైడ్ చేసే కీడు ఆ నీళ్లు తాగితే, ఏళ్ల తరబడి తాగితే, ఎముకలకూ పళ్లకూ. ఆ నీళ్లతో తల కడిగితే జుట్టు ఊడుతుందని కాదు. ఉప్పు నీళ్ల సంగతి వేరు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు పెడితే నురగ రాదు, తెల్లటి తెట్టు వెంట్రుకకు పట్టుకుంటుంది. వెంట్రుక గరుకు తేలుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే తెగుతుంది. కుదురు జోలికి మాత్రం పోదు. తలకు సబ్బు మానేసి షాంపూ గానీ కుంకుడు రసం గానీ వాడండి. చివరి రెండు చెంబులు కృష్ణా నీళ్లో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లో పోసుకోండి. చాలు.

ఆ జ్వరం తర్వాత ఊడే జుట్టు మళ్లీ వస్తుందా? వస్తుంది. కింద కొత్తది మొదలైంది కాబట్టే పాతది రాలింది. ఆర్నెల్లలోపు ఊడటం తగ్గుతుంది. నుదుటి పైన పొట్టి పొట్టి వెంట్రుకలు లేచి నిలబడతాయి చూడండి, అవి కొత్తవి. వాటిని చూసి దిగులు పడకండి, సంతోషపడండి.

కాన్పు తర్వాతా ఇదే లెక్క. బిడ్డ మనుషుల్ని గుర్తుపట్టి నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడుతుందని కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఆ పెద్దమ్మలు గమనించిన కాలం సరైందే. బిడ్డ అట్లా నవ్వేది రెండు మూడు నెలలకు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కుదుళ్లు విశ్రాంతికి పోకుండా పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఆ నెలల్లో జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది. కాన్పు కాగానే హార్మోన్లు పడిపోతాయి, ఆగినవన్నీ ఒక్కసారి విశ్రాంతికి వెళ్తాయి. ఏడాదిలోపు సర్దుకుంటుంది. కానీ ఇక్కడున్న అత్తమ్మలకు, అమ్మలకు చేతులు జోడించి ఒక మాట. బాలింతకు పత్యం పేరుతో పప్పు వద్దు, గుడ్డు వద్దు, ఆకుకూర వద్దు, నీళ్లు తక్కువ తాగు అనకండి. రక్తం పోయిన మనిషి, పాలిస్తున్న మనిషి. అన్నం, కారం పెట్టి కూర్చోబెడితే ఆ పిల్ల ఎట్లా కోలుకుంటుంది?

రక్తం సంగతి

మన దగ్గర ఆడవాళ్ల జుట్టు గురించి మాట్లాడుతూ రక్తహీనత గురించి మాట్లాడకపోతే నేను నా పని చేయనట్టే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. ఈ హాల్లో ఇద్దరిలో ఒకరికి పైనే అనుకోండి. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే నీరసం, మట్టి, సుద్దముక్క, బియ్యం తినాలనిపించడం. అది అలవాటు కాదు బిడ్డా, ఇనుము తక్కువైందని ఒళ్లు చెబుతోంది. నెలసరిలో ఎక్కువ రక్తం పోతుంటే సిగ్గుపడి దాచుకోకండి, డాక్టరుకు చెప్పండి.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది. దాంతోపాటు థైరాయిడ్. జుట్టు నెలల తరబడి ఊడుతుంటే ఈ మూడు పరీక్షలూ చేయించండి. సీసాలకు పెట్టే డబ్బు ముందు వీటికి పెట్టండి. బడిలో వారానికొకటి నీలం రంగు మాత్ర ఇచ్చేవాళ్లు గుర్తుందా? ఎంతమంది మింగారు, ఎంతమంది కిటికీలోంచి పారేశారు? నాకు తెలుసు, కడుపులో తిప్పుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పదు. మీ చెల్లెళ్లకు చెప్పండి. ఇంకొకటి, అన్నం తినగానే చాయ్ తాగొద్దు. తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది.

ప్రోటీన్ లెక్క కూడా చెబుతాను. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. యాభై కిలోల పిల్లకు నలభై గ్రాములకు పైమాటే. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు పల్లీల్లో ఏడెనిమిది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం పచ్చడి, రాత్రి అన్నం చారు అంటే నలభై ఎక్కడొస్తుంది? పాలమూరు పల్లీలు, పెసర్లు, కందిపప్పు, జొన్నరొట్టె, పుంటికూర, మనకు దొరకనివి కావు. ఆడపిల్లకు గుడ్డు మానేసి మగపిల్లవాడికి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. తిండి బొత్తిగా చాలని చిన్నపిల్లల జుట్టు పలచబడి ఎర్రబారుతుంది. వలస వెళ్లొచ్చిన కుటుంబాల పిల్లల్లో అది కనిపిస్తే నూనె లేక అనుకోకండి, అంగన్‌వాడీకి తీసుకెళ్లి బరువు చూపించండి.

బయోటిన్ అనే బీ విటమిన్ మాత్రల గురించి అడుగుతారు. బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకు అది చేసే మేలేమీ లేదు, పైగా థైరాయిడ్ లాంటి రక్త పరీక్షల ఫలితాలను తప్పుదారి పట్టిస్తుంది. వేసుకుంటున్నట్టయితే పరీక్షకు ముందు డాక్టరుకు చెప్పండి.

నూనె, దువ్వెన, రంగు

నూనె కుదురుకు తిండి కాదు. కుదురుకు తిండి రక్తంలోంచే వస్తుంది. అట్లాగని నూనె వృథా కాదు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలంటుకునేటప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా ఆపుతుంది. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు, కొబ్బరి నూనె చేసింది. తలస్నానానికి ముందు పొడుగునా రాసుకోండి, చాలు. ఆముదం మన దగ్గర పండేదే, వెంట్రుకకు జిగి ఇస్తుంది. జుట్టు పెంచుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం నూనె పెట్టి రాత్రంతా ఉంచొద్దు. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే సూక్ష్మజీవి బతికేదే జిడ్డు మీద. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ పెట్టి ఐదు నిమిషాలు ఆగి కడగండి. పెట్టగానే కడిగేస్తే పనిచేయదు.

రెండు జడలు బిగించి రిబ్బను కట్టే అమ్మలు ఇటు చూడండి. పిల్ల కళ్లు పైకి లాగేంత బిగుతుగా ఏళ్లపాటు వేస్తే కణతల దగ్గర, నుదుటి అంచున కుదుళ్లు శాశ్వతంగా పోతాయి. వదులుగా వేయండి. పెళ్లిళ్లకు బరువైన సవరం పెట్టి రోజంతా ఉంచకండి. తడి జుట్టు దువ్వకండి, తడిసినప్పుడు ఇట్టే తెగుతుంది. తలకు వేసే నల్ల రంగులో, నల్ల మెహందీలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి ముఖమంతా వాచిపోతుంది. వాడే రెండు రోజుల ముందు మోచేతి మడతలో చుక్క రాసి చూసుకోండి. ప్యాకెట్లు పిల్లలకు అందనివ్వకండి.

ఇక పేనుకొరుకుడు. తల మీదో గడ్డంలోనో రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ. ఏ పురుగూ కొరకలేదమ్మా. మన రోగనిరోధక శక్తే పొరపాటున మన కుదుళ్ల మీద పడుతుంది. కానీ కుదురును చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. చాలామందికి దానంతట అదే వస్తుంది, లేదా మచ్చలో చిన్న ఇంజక్షన్లతో వస్తుంది. ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. మచ్చను గరుకు గుడ్డతో రక్తం వచ్చేదాకా రుద్ది నల్లజీడి రసం పెట్టారు. బొబ్బలెక్కి, చీము పట్టి, మానేసరికి తెల్లటి గట్టి మచ్చ మిగిలింది. అక్కడ ఇక జుట్టు రాదు. జబ్బు బతకనిచ్చిన కుదుళ్లను వైద్యం చంపింది. పద్నాలుగేళ్ల పిల్లవాడు, టోపీ తీయడానికి ఒప్పుకోలేదు. గురివింద గింజ అరగదీసి పెట్టేవాళ్లూ ఉన్నారు. గురివింద విషం. గీరిన చర్మం మీద అది పెట్టొచ్చా? దయచేసి ఎవరింట్లోనూ చేయనివ్వకండి.

మగవాళ్లకు నుదురు వెనక్కి పోవడం, ఆడవాళ్లకు పాపిట వెడల్పవడం వంశపారంపర్యం. కుదుళ్లు మెల్లమెల్లగా చిన్నబోతాయి. ఇది మూడు నెలల లెక్కలోకి రాదు, ఏళ్ల మీద జరుగుతుంది. మినాక్సిడిల్ రక్తపోటు మందుగా వచ్చి, జుట్టు మొలిపిస్తోందని గమనించాక 1988లో అమెరికాలో పైపూత మందుగా అనుమతి పొందింది. మొదటి వారాల్లో ఇంకాస్త ఊడుతుంది, భయపడి మానేయొద్దు. నాలుగైదు నెలలు ఆగాలి, ఆపితే లాభం పోతుంది. మగవాళ్లు వాడే ఫినాస్టెరైడ్ మాత్ర ముక్కలను గర్భిణులు ముట్టుకోకూడదు. ఏదైనా డాక్టరును అడిగే వాడండి.

చీటీలు వచ్చాయి, చూస్తాను. "యాదగిరిగుట్టలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా?" మొక్కు ఉంటే తప్పక చెల్లించుకోండి, చెర్వుగట్టులోనైనా గుట్టలోనైనా. ఒత్తు కోసమైతే అక్కర్లేదు. కత్తి చర్మం మీదనే ఆగుతుంది, కుదురు దాకా పోదు. గొరిగితే వెంట్రుక మందమూ పెరగదు, వేగమూ పెరగదని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే చూపించింది. కోసిన కొస మొద్దుగా ఉండటంతో చేతికి గరుకుగా, ఒత్తుగా అనిపిస్తుంది.

"తెల్ల వెంట్రుక పీకితే ఇంకా వస్తాయా?" రావు. ఒక కుదురులోంచి వచ్చేది దాని వెంట్రుకే. ఇరవైలోపే తెల్లబడుతుంటే బీ12, థైరాయిడ్ చూపించుకోండి. అమ్మానాన్నలకూ చిన్నప్పుడే తెల్లబడి ఉంటే అది వారసత్వం, మీ తప్పేం లేదు.

"హాస్టల్లో పేలు పోవట్లేదు." ఇది రాసిన బిడ్డ భయపడకు, పేరు అడగను. పేలు మురికి వల్ల రావు. ఎగరవు, దుంకవు. తలా తలా ఆనించి పడుకుంటే పాకుతాయి. కిరసనాయిలు పోయొద్దు. ఒక శాతం పర్మెత్రిన్ లోషన్ తడి జుట్టుకు పట్టించి, పది నిమిషాలుంచి కడిగి, పేల దువ్వెనతో దువ్వాలి. మందు పేలను చంపుతుంది, ఈపుల్లో కొన్ని మిగులుతాయి. అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి, అందుకే రెండోసారి తప్పదు. నువ్వొక్కదానివే చేసుకుంటే పక్క మంచం నుంచి మళ్లీ వస్తాయి. వార్డెన్ మేడంకు చెప్పి గదిలో అందరూ ఒక ఆదివారం పెట్టుకోండి, మళ్లీ పై ఆదివారం పెట్టుకోండి. దిండు గలీబులు, దువ్వెనలు అదే రోజు వేడినీళ్లలో వేయండి.